మధ్యాహ్నం లేని పుస్తకాలు

కాలిన ఒంటికి ఒక్కోసారి ఒక్కో వాసన ఉంటుంది. కిరోసిన్‌తో కాలితే ఒకటి, కరెంటుతో కాలితే ఒకటి, కాగిన నూనె పడితే ఇంకొకటి. గంజి పడ్డవాళ్ళ దగ్గర మాత్రం ఉడికిన అన్నం వాసన వస్తుంది. ఆకలి పుట్టించే వాసన. అందుకే ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగం తర్వాత కూడా అది నాకు అన్నిటికంటే కష్టంగా ఉంటుంది.

పోయిన వారం అలాంటి కేసు వచ్చింది. మెస్‌లో వంట చేసే ఆవిడ. గంజి వారుస్తుంటే గుడ్డ జారి తపేలా తొడల మీదికి ఒరిగిందట. కట్టు కడుతూ, ఆమె దృష్టి మళ్ళించడానికి, "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని అడిగాను. అడిగిన తర్వాత, ఆ ప్రశ్న నాది కాదని గుర్తొచ్చింది. అది టీచరమ్మది.

నర్సింగు పూర్తి చేసి ఒంగోలు నుంచి బెంగుళూరు వచ్చిన కొత్తలో బొమ్మనహళ్ళిలో ఆవిడ ఇంటి మేడ మీద గదిలో ఉండేదాన్ని. తొంభైల మొదటి రోజులవి. చిరునామా ఇచ్చిన పాస్టరుగారు, "నోరు దురుసు. చెయ్యి అంతకంటే దురుసు. మనిషి మంచిదే అనుకుంటాను" అన్నారు. చివరి మాటకి ముందు కాసేపు ఆగారు.

నేను వెళ్ళేసరికి ఆవిడ పెరట్లో కోడిని కోస్తోంది. ఆదివారం, చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్లచీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంది. డెబ్బై ఏళ్ళకి దగ్గర పడ్డ మనిషి. కోడి రెక్కలు ఒక కాలి కింద, కాళ్ళు ఇంకో కాలి కింద తొక్కిపట్టి, ఒక్క గీతతో మెడ తెంచి, అది కొట్టుకోవడం ఆగేదాకా కదలకుండా నిలబడింది. అప్పుడు తలెత్తి నన్ను చూసింది. పేరు అడగలేదు, ఉద్యోగం అడగలేదు.

"మీ ఊళ్ళో పొద్దున్నే ఏం తింటారు?"

"చద్దన్నం అండీ. పచ్చిమిరపకాయతో."

"మిరపకాయ కొరుక్కుంటారా, అన్నంలో నలుపుకుంటారా?"

"మా నాన్న కొరుక్కుంటాడు. మా అమ్మ నలుపుతుంది."

"ఊఁ" అంది. నెత్తురు చేతులతోనే బొడ్లోంచి తాళం చెవి తీసి ఇచ్చింది.

ఆవిడ పిల్లల పుస్తకాలు రాసిందని నాకు ముందు తెలియదు. వసారాలో గోడ అల్మరాలో సన్నటి పుస్తకాలు వరసగా ఉండేవి. ఒకటి తీసి చూస్తే అట్ట మీద బొమ్మ ఎక్కడో చూసినట్టు అనిపించింది. వెదురు ఇల్లు, వాకిట్లో లుంగీ కట్టిన పిల్ల, చేతిలో గిన్నె. మా మిషన్ స్కూల్లో మూడో తరగతిలో ఉండగా చదివాను. బర్మా దేశపు పిల్ల పొద్దున్నే లేచి చేపల పులుసులో బియ్యపు సేమ్యా వేసుకుని తింటుంది. అది చదివిన రోజు ఇంటికెళ్ళి నాకూ అదే కావాలని ఏడ్చి మా అమ్మ చేత దెబ్బలు తిన్నాను. ఇంగ్లీషు రాని తెలుగు పిల్లలకి ఇంకో దేశంలో పిల్లలు ఎలా బతుకుతారో చెప్పే పుస్తకాలు లేని రోజుల్లో, దాదాపు మొట్టమొదట రాసింది ఆవిడే. జపాను పిల్లవాడు, మంచుదేశపు పిల్ల, అరబ్బు పిల్లవాడు, ఇలా ఒక్కో దేశానికి ఒక్కో పుస్తకం. బర్మా ఆవిడ పుట్టిన చోటు. మిగతావి మిషనరీల్నీ, ఓడ కళాసీల్నీ, దేశాలు తిరిగి వచ్చినవాళ్ళనీ కూర్చోబెట్టి అడిగి రాసింది. వాళ్ళని మొదట అడిగిందీ ఆ ప్రశ్నే. అక్కడ పొద్దున్నే ఏం తింటారు?

అంత మెత్తటి పుస్తకాలు రాసిన మనిషి ఎలా ఉంటుందని ఊహించుకుంటామో, ఆవిడ అలా ఉండేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ బల్ల మీద అరచేత్తో చరిచేది. ఆ బల్ల ఒక మూల ఆ దెబ్బలకే విరిగింది. కిరోసిన్ కొలతలో మోసం చేశాడని డిపో అతన్ని గొడుగుతో కొట్టింది. వెనక వీధిలో ఒకడు తాగి వచ్చి పెళ్ళాన్ని జుట్టు పట్టి రోడ్డు మీద ఈడుస్తుంటే, అందరూ గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. ఈవిడ వెళ్ళి విడవమని రెండు మాటలు చెప్పింది. వాడు వినలేదు. వంగి, వాడి ముంజేతిని కొరికింది. ఆ కాటుకి తర్వాత టించరు రాసింది నేనే. పళ్ళ వరస అంతా దిగి ఉంది.

"అంతలా కొరకాలా టీచరమ్మా?" అన్నాను ఇంటికొచ్చాక.

"వాడి చేతులో జుట్టుంది. నా చేతులో ఏవీ లేదు. నోరొక్కటే ఖాళీగా ఉంది" అంది. నోరు పుక్కిలించి మళ్ళీ కాఫీ తాగింది.

ఇంటి వెనక వాటాలో ఒక తమిళ కుటుంబం ఉండేది. భర్త రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో టైలరు, భార్య ఇంట్లో గుండీలు కుట్టేది, అయిదారేళ్ళ కూతురు. ఆ పిల్ల మాత్రం టీచరమ్మకి భయపడేది కాదు. సాయంత్రమైతే వచ్చి ఒళ్ళో ఎక్కి కూర్చునేది. ఆవిడ బొమ్మలు చూపిస్తూ తెలుగులో చదివేది, పిల్ల అరవంలో ప్రశ్నలు వేసేది. మంచుదేశపు పిల్ల చెప్పులు బొచ్చుతో చేస్తారని చదివితే ఆ బొచ్చు ఎవరిదని అడిగేది. ఎలుగుబంటిది. ఎలుగుబంటి ఇచ్చిందా? ఆ ప్రశ్నకి టీచరమ్మ పుస్తకం మూసి చాలాసేపు నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను చూసింది ఆ పిల్ల దగ్గరే.

ఆ పుస్తకాలన్నీ ఒకసారి వరసగా చదివాను. చదివాక ఒక సంగతి గమనించాను. ప్రతి పుస్తకమూ పిల్లలు నిద్ర లేవడంతో మొదలై, తిని, ఆడి, బడికెళ్ళడంతో అయిపోతుంది. ఏ దేశంలోనూ మధ్యాహ్నం కాదు. అదే అడిగాను.

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"మా నాయన రంగూను రేవులో బస్తాలు మోసేవాడు. కాకినాడ నుంచి వెళ్ళినవాళ్ళమే రేవంతా. కూలి పెంచమని సమ్మె కట్టేరు. దొరలు వాళ్ళని తీసేసి బర్మా వాళ్ళని పెట్టుకున్నారు. తర్వాత రాజీపడి మళ్ళీ మనవాళ్ళనే పిలిచేరు. బర్మా వాళ్ళని పొమ్మన్నారు. ఆ రోజు మొదలైంది. సాయంత్రం మా నాయన్ని మా వీధిలోనే నరికేరు. పొడుగాటి కత్తులు. మొదట చెయ్యి, తర్వాత మెడ. నేను కిటికీ సందులోంచి చూసేను."

"మీరెలా బతికారు?"

"కింది వాటాలో బర్మా ఆవిడ ఉండేది. నన్నూ మా అమ్మనీ వెదురుమంచం వెనక కూర్చోబెట్టి, ముందర తడిబట్టలు ఆరేసింది. తలుపు వెంటనే తియ్యలేదని వాళ్ళు ఆవిడ ముంజెయ్యి విరగ్గొట్టేరు. మర్నాడు ఆ విరిగిన చేత్తోనే మాకు చేపల పులుసు పోసింది. నన్ను దాచింది ఆ దేశంవాళ్ళే. మా నాయన్ని చంపింది ఆ దేశంవాళ్ళే. ఇద్దర్నీ ఒక పుస్తకంలో పెట్టడం నాకు చేతకాలేదే అమ్మాయ్. అందుకని పొద్దున్న ఏం తింటారో రాసేను."

చేట మళ్ళీ అందుకుంది.

ఆ ఏడే కావేరి నీళ్ళ గొడవ వచ్చింది. ఊళ్ళో ఎక్కడెక్కడో మొదలై హోసూరు రోడ్డు మీదికి వచ్చింది. తమిళనాడు లారీలు తగలబెడుతున్నారని కబురు తెలిసింది. బస్సులు ఆగిపోయాయి, నేను డ్యూటీకి వెళ్ళలేకపోయాను. మధ్యాహ్నానికి మా వీధి మొదట్లోంచి కాలిన టైర్ల పొగ లోపలికి వచ్చింది. టీచరమ్మ వెనక వాటా వాళ్ళని ముగ్గుర్నీ మేడ మీద నా గదిలోకి పంపి, బయట గడియ పెట్టించింది. నన్ను మెట్ల మీద కూర్చోమంది. తను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద పెద్ద గిన్నెతో అన్నం పడేసింది. ఇంతమంది తినాలి కదా అంది.

గుంపు వచ్చింది. అందులో సగం మంది మొహాలు నాకు తెలిసినవే. ముందు ఉన్నవాడు వీధి చివర సైకిల్ షాపు కుర్రాడు. పాతికేళ్ళుంటాయి. వాళ్ళది ఎప్పుడో తరాల కిందట ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. చేతికి సైకిల్ చైను చుట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. టీచరమ్మ వంటింట్లోంచి వచ్చి గేటుకి ఇవతల నిలబడింది.

"టీచరమ్మా, మీరు మనోళ్ళే గదా. మీతో మాకి జగడం లేదు. ఆ అరవోళ్ళు లోపల ఉండారా లేదా చెప్పండి, సాలు."

"లేరు."

"పొద్దున ఆ యమ్మ గుడ్డలు ఆరేస్తా ఉండె. నేను చూసినా."

"చూస్తే చూసేవు. ఇప్పుడు లేరు. షాపు మూసుకుని ఎవరి పని మీద తిరుగుతున్నావు నువ్వు?"

"ఈ పొద్దు అందురూ మూసినారు."

"చేతికి అదేవిటి?"

వాడు చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. స్కూల్లో టీచరు అడిగితే పెట్టుకున్నట్టే పెట్టుకున్నాడు. ఆ ఒక్క క్షణం వెళ్ళిపోతాడనుకున్నాను.

ఇంతలో ఎదురుగా ఇస్త్రీ బండి దగ్గర అరుపులు వినిపించాయి. అక్కడి ఇస్త్రీ అతను తమిళుడు. ఆ గుంపులో ఎందరి చొక్కాలో ఇస్త్రీ చేసినవాడు, తనని ఏమీ చేయరనుకుని పారిపోలేదు. బండి తలకిందులు చేశారు. నిప్పులు రోడ్డు మీద చెల్లాచెదురయ్యాయి. అతన్ని బోర్లా పడేసి ఇద్దరు చేతుల మీద నిలబడ్డారు, ఒకడు ఇస్త్రీ పెట్టె ఎత్తి అతని వీపు మీద పెట్టాడు. ఆ మనిషి అరిచిన అరుపు మనిషిది అనిపించలేదు. పెట్టె పెట్టినవాడు చొక్కాకి ఇస్త్రీ చేస్తున్నట్టు దాన్ని ముందుకీ వెనక్కీ తోశాడు. కొందరు నవ్వారు.

మేడ మీద గదిలో పిల్ల ఏడ్చింది. తల్లి నోరు మూసినట్టుంది, సగంలో ఆగిపోయింది. కానీ సైకిల్ షాపు కుర్రాడు తలెత్తాడు. పక్క గోడ దూకి మెట్ల వైపు వచ్చాడు. నేను మెట్ల మీద అడ్డంగా నిలబడ్డాను. నన్ను భుజం పట్టి పక్కకి తోశాడు. తోపుకి రెయిలింగు తగిలి కిందికి జారాను. వాడు పైకెళ్ళి గడియ లాగాడు. తలుపు తెరుచుకుంది. లోపల ముగ్గురూ గోడకి అతుక్కుని ఉన్నారు.

టీచరమ్మ ఎప్పుడు వంటింట్లోకి వెళ్ళిందో, ఎప్పుడు మెట్లెక్కిందో నేను చూడలేదు. నా పక్కనుంచి వెళ్ళింది. రెండు చేతులా గుడ్డలతో గిన్నె పట్టుకుని ఉంది. "ఒరేయ్" అని పిలిచింది. వాడు తిరిగాడు. అప్పుడే వార్చిన గంజి మొత్తం వాడి మొహాన కొట్టింది.

నీళ్ళయితే జారిపోతాయి. గంజి జారదు, అంటుకుంటుంది. వాడు రెండు చేతులతో మొహం తుడుచుకోబోయాడు. తుడిచినచోటల్లా తోలు చేతికి వచ్చింది. అరవడానికి నోరు తెరిచాడు కానీ శబ్దం రావడానికి కొంచెం సేపు పట్టింది. వాడి వెనకే ఆ పిల్ల నిలబడి అంతా చూసింది. టీచరమ్మ మొహం ఆ క్షణంలో ఎలా ఉందో నాకు కనపడలేదు. ఆ పిల్లకి కనపడింది.

వాడు మెట్లు దొర్లి పడ్డాడు. గుంపు గేటు తోసుకుని లోపలికి వచ్చింది. టీచరమ్మ ఖాళీ గిన్నె పట్టుకుని మెట్ల పైన నిలబడి, కన్నడంలో, "బన్రో. ఒళగె ఇన్నూ ఇదె" అంది. రండ్రా, లోపల ఇంకా ఉంది. నిజానికి లోపల అన్నం తప్ప ఏమీ లేదు. ఎవడో రాయి విసిరాడు. అది ఆవిడ భుజం ఎముకకి తగిలింది. టక్‌మన్న చప్పుడు నాకు వినపడింది. ఆవిడ గిన్నె వదలలేదు. కింద తమవాడు తోలు వేలాడే మొహంతో దొర్లుతుంటే వాళ్ళకి ఏం చేయాలో తోచలేదు. ఎత్తుకుని వీధి కుళాయి దగ్గరికి పరిగెత్తారు. అక్కడ నూనె పూయండి, మట్టి పూయండి అని ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుస్తున్నారు.

నేను ఆవిడ వైపు చూశాను.

"వెళ్ళు అమ్మాయ్" అంది. "నా పని అయింది. నీ పని నువ్వు చెయ్యి."

వెళ్ళాను. అంతకుముందే ఒక మనిషి వీపు కాల్చిన గుంపు మధ్యలో కూర్చుని, వాడి తల ఒళ్ళో పెట్టుకుని, కుళాయి నీళ్ళు ధారగా మొహం మీద పోస్తూనే ఉన్నాను. కాసేపటికి పోలీసు వ్యాను వచ్చింది. అందరూ పరిగెత్తారు. వాడూ, ఇస్త్రీ అతనూ మిగిలారు. ఇద్దర్నీ ఒకే వ్యానులో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఇస్త్రీ అతను బతికాడు.

మర్నాడు పోలీసు కాపలాతో తమిళులని హోసూరు వైపు పంపుతున్నారంటే వెనక వాటా వాళ్ళు మూటలు కట్టారు. టైలరు టీచరమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఆవిడ, విరిగిన భుజానికి కట్టుతో, పిల్ల కోసం రెండో చెయ్యి చాపింది. పిల్ల తల్లి చీరలోకి మొహం దాచుకుంది. "వేండాం, వేండాం" అని కేక పెట్టింది. తల్లి సిగ్గుపడి పిల్లని ముందుకి తోయబోతే టీచరమ్మే వద్దంది. చాపిన చేతిని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచి, కొంగుతో కప్పుకుంది. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. వాళ్ళు ఆ వీధికే మళ్ళీ రాలేదు.

సైకిల్ షాపు కుర్రాడి ఎడమ కన్ను పోయింది. కేసు పెట్టలేదు. పెడితే ఆ మేడ మీదికి ఎందుకెళ్ళావని అడుగుతారు. కానీ వాళ్ళమ్మ ఊరుకోలేదు. పాత ఊళ్ళో పెంకుటింట్లో ఆవుల్ని పెట్టుకుని కొడుకుని ఒంటరిగా పెంచిన మనిషి. పాలు పోయడం అయ్యాక చెంబుతో సహా మా గేటు ముందుకి వచ్చి నిలబడేది.

"కన్ను తీస్తివే, కన్ను. నా బిడ్డ మొగం సూసి కుక్కలు మొరుగుతా ఉండాయి. పిల్లలకి పాఠం చెప్పే చేయా అది? పురుగులు పడాల ఆ చేతికి."

టీచరమ్మ తలుపు వేసుకునేది కాదు. వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుని చివరిదాకా వినేది. నేను రోజూ డ్యూటీ దిగాక వాళ్ళింటికి వెళ్ళి వాడికి కట్టు మార్చేదాన్ని. వెళ్ళమని ఆవిడ చెప్పలేదు, వద్దనీ అనలేదు. ఒకరోజు చెప్పులేసుకుని, "పద" అని నాతో బయల్దేరింది.

వాళ్ళమ్మ గుమ్మంలోనే ఆపింది. ఏమీ అనకుండా చెయ్యెత్తి చెంప మీద కొట్టింది. గట్టి దెబ్బ. పాలు పితికే చేతులు అవి. టీచరమ్మ తూలి గుంజ పట్టుకుంది. ఎవరినీ తిరిగి కొట్టకుండా ఆవిడ ఊరుకోవడం నేను చూసింది అదొక్కసారే. పెదవి మీద నెత్తురు కొంగుతో తుడుచుకుని లోపలికి నడిచి, వాడి మంచం ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

నేను పాత కట్టు విప్పుతున్నాను. వాడు మిగిలిన కంటితో ఆవిడని చూశాడు.

"నేను మిమ్మల్ని ఏమీ అనలే గదమ్మా. అంత కోపం ఎందుకు వచ్చె మీకి?"

క్షమించమని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. "మళ్ళీ అలా వస్తే మళ్ళీ పోస్తాను" అంది. వాళ్ళమ్మ మళ్ళీ చెయ్యెత్తితే నేను మధ్యలో నిలబడ్డాను. అప్పుడు టీచరమ్మ రంగూను సంగతి చెప్పింది. నాకు చెప్పినట్టే. రేవు, సమ్మె, పొడుగాటి కత్తులు, కిటికీ సందు, మొదట చెయ్యి, తర్వాత మెడ. వాళ్ళమ్మ కూడా వింది.

అంతా అయ్యాక వాడు అడిగాడు. "మీ నాయన చేతిలో ఏముండె?"

"ఏవిటి?"

"అట్లాంటి దినం ఉత్త చేతుల్తో ఎవురూ బయటికి పోరమ్మా. నాకి తెలుసు. ఏమో ఒకటి ఉంటాది."

టీచరమ్మ బల్ల చరిచే చెయ్యి ఒళ్ళో ఉంది. కదలలేదు. నేను వాడి మొహానికి మందు రాయడం ఆపేశాను.

"కొక్కెం" అంది చివరికి. "బస్తాలు లాక్కునే ఇనప కొక్కెం. మధ్యాహ్నం ఒకసారి ఇంటికొచ్చేడు. దానికి నెత్తురుంది. మా అమ్మ తొట్టి దగ్గర కూర్చుని బూడిద పెట్టి తోమింది. ఎవరిదే అమ్మా అంటే, కోడిదంది. మేం ఆ రోజు కోడి కొయ్యలేదు. తోమి మళ్ళీ ఆయన చేతికే ఇచ్చింది. అది పట్టుకునే మళ్ళీ వెళ్ళేడు."

దొడ్లో ఆవు ఒకటి మెడగంట కదిపింది.

"ఆ మధ్యాహ్నం మా నాయన చంపినవాడికి కూడా ఇంట్లో ఎవరో ఉండే ఉంటారు" అంది టీచరమ్మ. "నా అంత పిల్ల ఉందేమో కూడా. నేను ఆ పిల్ల గురించి ఎప్పుడూ రాయలేదు."

వాడు కన్ను మూసుకున్నాడు. "నొప్పి ఎక్కువ ఉండాది సిస్టర్, తొందరగా కట్టండి" అన్నాడు. కట్టాను. వచ్చేటప్పుడు వాళ్ళమ్మ, "ఇంగొకసారి నా గడప తొక్కితే కాలు ఇరిచేస్తా" అంది. టీచరమ్మ తలూపింది. దారిలో ఒకచోట ఆగి, కాలవ పక్కన కూర్చుని వాంతి చేసుకుంది. నేను వీపు నిమిరితే చెయ్యి తోసేసింది.

ఆ తర్వాత ఆవిడ కొత్త పుస్తకం ఏదీ రాయలేదు. నాకు పెళ్ళయి ఆనేకల్ వైపు వెళ్ళిపోయాను. నెలకోసారి వచ్చి చూసేదాన్ని. వచ్చినప్పుడల్లా సైకిల్ షాపు వాళ్ళమ్మ గేటు ముందు ఉండేది. వాడికి పెళ్ళయింది, షాపు పెద్దదయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆవిడ మాత్రం తిట్టడం మానలేదు. కాకపోతే వయసు మీద పడి కాళ్ళు లాగి, గేటు తీసుకుని వచ్చి వసారా మెట్టు మీద కూర్చుని తిట్టేది. నీళ్ళడిగి తాగి, మళ్ళీ మొదలుపెట్టేది. టీచరమ్మకి కూడా చెవి మందగించింది. "గట్టిగా చెప్పు, వినపడ్డం లేదు" అనేది.

ఒకసారి నేను ఉండగా ఒక జంట వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, హైదరాబాద్ వాళ్ళు. చిన్నప్పుడు ఆవిడ పుస్తకాలు చదివారట. మళ్ళీ మంచి బొమ్మలతో అచ్చు వేయిస్తామన్నారు.

"మేడమ్, బర్మా బుక్‌తో స్టార్ట్ చేద్దామనుకుంటున్నామండీ" అన్నాడు అతను. "మా పాపకి ఇప్పుడు కరెక్ట్ ఏజ్."

టీచరమ్మ ఒప్పుకుంది. చివర ఒక్క పేరా కలపాలంది. చెప్పింది కూడా, రాసుకోమని. మధ్యాహ్నం మా నాయన ఇంటికొచ్చాడు, ఆయన కొక్కేనికి నెత్తురుంది, సాయంత్రం ఆయన్ని చంపారు, మర్నాడు కింది ఇంటి ఆవిడ విరిగిన చేత్తో మాకు పులుసు పోసింది.

ఆ అమ్మాయి భర్త వైపు చూసింది. "అమ్మా, పిల్లల పుస్తకం కదండీ ఇది. కొంచెం డిస్టర్బింగ్‌గా ఉంటుందేమో. వాళ్ళు భయపడతారు."

"పడతారు. పడితే ఏం?"

"ముందుమాటలో పెడదామండీ, పెద్దవాళ్ళ కోసం" అన్నాడు అతను, చాలా మర్యాదగా.

టీచరమ్మ పక్కనున్న స్టీలు గ్లాసు తీసి విసిరింది. అది అతని మోకాలికి తగిలి, గోడకి కొట్టుకుని, కాఫీ అంతా వాళ్ళ కాగితాల మీద చిమ్మింది. "పొండి" అని అరిచింది. వాళ్ళు లేచి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగారు. ఎప్పట్లాగే మెట్టు మీద కూర్చున్న సైకిల్ షాపు వాళ్ళమ్మ కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది.

"దాని చేతికి ఏమి దొరికితే అది ఇసురుతాది. మీ కండ్లు ఉండాయి గదా, సంతోషంగా పోండప్పా" అంది.

ఆ పుస్తకం మళ్ళీ అచ్చు కాలేదు.

టీచరమ్మ ఆ తర్వాతి ఏడాది చనిపోయింది. పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగి, మా ఆస్పత్రిలోనే పోయింది. చివరి రోజుల్లో కూడా ఇంజెక్షన్ సరిగ్గా చేయని నర్సుని ఒక దెబ్బ వేసింది. సమాధుల దొడ్డికి చర్చివాళ్ళు వచ్చారు, పాత విద్యార్థులు కొందరు వచ్చారు. సైకిల్ షాపు అతను నల్లద్దాలు పెట్టుకుని దూరంగా గోడ పక్కన నిలబడ్డాడు. లోపలికి రాలేదు. వాళ్ళమ్మ వచ్చింది. పాస్టరుగారి ప్రార్థన అయ్యేదాకా ఆగి, మనుషుల్ని తోసుకుని ముందుకి వచ్చి, పిడికెడు మట్టి తీసి పెట్టె మీద విసిరింది. అందరూ మెల్లగా జారవిడిచిన మట్టి అది. ఆవిడది మాత్రం చెక్క మీద రాయి పడ్డట్టు మోగింది.

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. పట్టు ఇంకా పాలు పితికే పట్టే.

"నా కొడుకు కన్ను తీసింది" అంది. "చెప్పకుండా పాయ. ఇంగ నేను ఎవుర్ని తిట్టాల, చెప్పప్పా."

ఆమెని పట్టుకుని గేటు దాకా నడిపించాను. దారి పొడుగునా టీచరమ్మని తిడుతూనే ఉంది.